లడాఖ్ అధ్యయనం, రంగమ్మ దొడ్డి

నల్లమల అంచు గ్రామాల అభివృద్ధి మండలి చైర్మన్ సుబ్బరాయుడు గారు నంద్యాలలో ప్రెస్ మీట్ పెట్టి, ఆళ్లగడ్డ వైపు మేకలను ఎత్తుకుపోతున్న చిరుతల సమస్యకు శాశ్వత పరిష్కారం ప్రకటించారు. పదకొండు మంది సభ్యుల బృందం లడాఖ్‌లోని హెమిస్ నేషనల్ పార్కుకు వెళ్తుంది. ఆ చలి ఎడారి కొండల్లో, మంచు చిరుతల మధ్య జనం మేకలను ఎలా కాపాడుకుంటున్నారో అధ్యయనం చేస్తుంది. విలేకరులు చప్పట్లు కొట్టారు. టిఫిన్ కూడా బాగుంది.

ప్రయాణం ఏర్పాట్లు జూనియర్ అసిస్టెంట్ శ్రీవాణి మీద పడ్డాయి. ఉద్యోగంలో చేరాక ఆమె చేతికొచ్చిన మొదటి పెద్ద పని. అక్కడ గాలి పలచగా ఉంటుందని, దిగాక రెండు రోజులు కదలకుండా పడుకోవాలని, పార్కు లోపల నడక తప్పదని శ్రద్ధగా నోట్ పెట్టింది. పడుకోవడానికి సభ్యులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. నడక మీద భిన్నాభిప్రాయాలు వచ్చాయి. చైర్మన్ గారైతే చలి అలవాటు కావాలని వారం రోజులు ఏసీ పదహారులో పెట్టుకుని, స్వెట్టర్ వేసుకుని ఫైళ్లు చూశారు.

బస కోసం శ్రీవాణి పార్కులోని ఒక ఊరికి ఫోన్ చేసింది. గదులు ఇచ్చే ఇంటావిడతో వచ్చీరాని హిందీలో మాట్లాడుతూ, మాటల్లో మాటగా చిరుతల సంగతి అడిగింది. దొడ్డి పైన ఇనుప జాలీ కప్పేశాం, ఇక లోపలికి రావడం లేదు అని ఆమె చెప్పింది. నిమిషం కూడా పట్టలేదు.

శ్రీవాణి సంతోషంగా వెళ్లి చైర్మన్ గారికి చెప్పింది. ఆయన శాంతంగా విన్నారు.

"బాగుంది. దీన్ని ఫైల్లో ఎక్కించొద్దు మ్మా. ఆడికి పోయినాక మేం కనుక్కునేది ఏముంటాది?"

శ్రీవాణి ఎక్కించలేదు. రెండు మేకలు పోయాయని అర్జీ పెట్టుకున్న రంగమ్మకు మాత్రం ఫోన్ చేసింది. అడవి పక్క పల్లెలో ఉండే రంగమ్మ మర్నాడే ఆళ్లగడ్డ వెళ్లి జాలీ కొని, దొడ్డి మీద బిగించింది. ఆ వారం చిరుత రెండుసార్లు వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

బయలుదేరే ముందు బాధితులతో ఫోటో దిగాలని చైర్మన్ గారు ఆ పల్లెకు వచ్చారు. మేకలు నిమ్మళంగా నెమరేస్తున్నాయి. పైన జాలీ చూసి ఆయన ముఖం చిన్నబోయింది. శ్రీవాణి మెల్లగా ఆయన వెనక్కి జరిగింది.

"రంగమ్మా, మేం నేర్చుకోనొచ్చి ఏపిచ్చేది ఇదే గదా. పది దినాలు ఇప్పేసి పెట్టు."

రంగమ్మ ఆయనను, మేకలను ఒకసారి చూసింది.

"ఇప్పేస్తా లేప్పా. పోయేటప్పుడు ఆ చిరుతను గూడా మీ యెంబడి పిల్చుకపోండి."

చైర్మన్ గారు కాసేపు ఆలోచించి శ్రీవాణిని పక్కకు పిలిచారు.

"దాన్ని ఇమానంలో ఎక్కనిస్తారేమో కనుక్కో మ్మా."