సోక్రటీసు బాకీపడ్డ కోడి

ఆ పొద్దు లక్సెట్టిపేట గ్రంథాలయంలో లింగమూర్తి తలపెట్టింది చిన్న పనే. తలుపులు తీయాలి, జనం వచ్చి సోక్రటీసును చూడాలి, మధ్యాహ్నం పంచాయతీ సమితి ఆఫీసరు వచ్చి జనాన్ని చూడాలి. గోదావరి మీదుగా చల్లగాలి వస్తుంటే మెట్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఇదంతా ఒకసారి చూసుకున్నాడు కూడా. కళ్లు మూసుకుంటే లింగమూర్తికి ఏ పనైనా ఇట్టే అయిపోతుంది. చిక్కంతా తెరిచాకే.

సంగతేమిటంటే, చదివేవాళ్లు లేని ఈ గదిలో కోళ్ల పెంపక కేంద్రం పెడితే బాగుంటుందని సమితికి తోచింది. పుస్తకాలను మూటలు కట్టి మంచిర్యాల పంపిస్తారట. లింగమూర్తికి పెళ్లాం లేదు, పొలం లేదు. ఉన్నదల్లా ఈ రేకుల గది, పాత బీరువాలు, వాటి తాళంచెవి. అది చేజారిపోతుందని విన్నప్పటి నుంచి అతనికి అన్నం సహించడం లేదు. గదికి జనం వస్తారని చూపించాలి. అందుకని ఎప్పుడో వేల ఏళ్ల కింద గ్రీసు దేశంలో బతికిన తత్వవేత్త సోక్రటీసు మీద ప్రదర్శన పెట్టాడు. లక్సెట్టిపేట జనాన్ని రప్పించడానికి సోక్రటీసే దొరికాడా అని మీరడగవచ్చు. రోజూ సాయంత్రం గోదావరి ఇసుకలో ఆయన పక్కన నడుస్తున్నట్టు కలలు కనేవాడికి ఇంకెవరు దొరుకుతారు?

బొమ్మలు వేసింది దుకాణాల బోర్డులు రాసే ఖయ్యూం. గడ్డం బాగానే కుదిరింది. చివరి బొమ్మ దగ్గరే అతని చెయ్యి ఆగలేదు. విషం తాగి ప్రాణం పోయేముందు సోక్రటీసు, రోగాలు నయం చేసే దేవుడికి ఒక కోడిపుంజు బాకీ ఉన్నామని, మరవకుండా ఇమ్మని మిత్రుడితో చెప్పాడట. ఖయ్యూం సోక్రటీసును మూలకు నెట్టి పుంజును నిలువెత్తున దించాడు.

"గింత పెద్దగ ఎందుకేసినవ్ ఖయ్యూం?"

"గా పెద్దమనిషిని నేను సూడలే సార్. కోడిని రోజు సూస్తున్న. తెలిసింది మంచిగేసిన."

ఈ మాట సోక్రటీసు విన్నా ఒప్పుకునేవాడనిపించి లింగమూర్తి బొమ్మను అలాగే గోడకు తగిలించాడు.

తలుపులు తీశాడు. బయట వారం వారం కూడే అంగడి కిటకిటలాడుతోంది, లోపలికి మాత్రం ఈగ కూడా రాలేదు. చివరికి అంగట్లో కూరగాయలమ్మే భూమవ్వ నీళ్లు తాగడానికి వచ్చి, చివరి బొమ్మ ముందు నిలబడిపోయింది.

"గీ పుంజు ఎవలది బిడ్డా?"

లింగమూర్తికి ప్రాణం లేచొచ్చింది. సోక్రటీసు వీధుల్లో తిరుగుతూ గొప్పవాళ్లను ప్రశ్నలు అడగడం, వాళ్లకు మండిపోవడం, విషపు గిన్నె, కోడి మాట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. భూమవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపం, మంచోడే. మరి గా కోడి ఇచ్చిండ్రా?"

"ఏమో అవ్వా. పుస్తకంల రాయలే."

"పిట్ట ముట్టిందా?"

పోయినవాడి పేరున వండిపెట్టిన కూడు పిట్ట, అంటే కాకి, ముట్టకపోతే, వాడి కోరికేదో తీరలేదని అక్కడివాళ్ల నమ్మకం. అదేదో కనుక్కుని తీరుస్తామని మాటిచ్చేదాకా కాకి రాదు, చుట్టాలు కదలరు. లింగమూర్తి తల గోక్కున్నాడు.

"గదీ రాయలే."

"రోగాలు బాగుచేసే దేవునికి మొక్కు బాకీ పడ్డోన్ని, తీర్చకుండనే మా ఊర్లకు తెస్తివా? ఇండ్లల్ల పిల్లలు జరాలతోని పండుకున్నరు. జర సోంచాయించద్దా, ముందుఎనక సూడద్దా?" అని, నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయింది.

కాసేపటికి గుమ్మం దగ్గర ఒకరు, తర్వాత నలుగురు, ఆ తర్వాత అంగడంతా. లింగమూర్తికి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ రోగాల దేవుడి గుడి ఎక్కడని ఎవరో అడిగారు. గ్రీసులో, సముద్రాలు దాటి వెళ్లాలని చెప్పాడు. "అంత దూరం ఎవలు పోతరు? ఈయన ముంగట్నే ఇడుస్తం" అని ఎవరో అన్నారు. ఏం విడుస్తారో అతను అడగలేదు. స్టూలెక్కి, కళ్లు మూసుకుని ఉపన్యాసం అందుకున్నాడు. మూసిన కళ్లలో గోదావరి పారుతోంది, సోక్రటీసు చెప్పులు లేని కాళ్లతో పక్కనే నడుస్తున్నాడు. మధ్యలో రెక్కల చప్పుడు వినిపించింది. జ్ఞానం ఎగురుతోందనుకున్నాడు.

కళ్లు తెరిస్తే బీరువాల మీద పుంజులు, బల్లల కింద పుంజులు, సోక్రటీసు గడ్డం పైన ఒక పుంజు. ఇన్ని పుంజులు ఒకచోట చేరితే ఏం చేస్తాయో అవన్నీ అదే చేస్తున్నాయి.

"ఏందవ్వా ఇది?"

"మొక్కు తీరుస్తున్నం బిడ్డా. ఒక ఇంటి కోడి ఇంకో ఇంటిని కాయది. ఎవలది వాల్లే ఇయ్యాలె."

"నీ కాల్మొక్త, పట్టుకపోండ్రి. ఆఫీసరు వస్తుండు."

"ఇడిసిన కోడిని మల్ల పడితె ఇంకో కోడి బాకీ పడుతం."

అంతలో జీపు ఆగనే ఆగింది. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆ ఆఫీసరు గుమ్మంలో నిలబడి లోపలంతా కలియజూశాడు. ముఖం వికసించింది.

"శభాష్ లింగమూర్తిగారూ. గది చూసి వెళదామని నేనొస్తే, మీరు కోళ్ల కేంద్రం మొదలే పెట్టేశారే."

 లింగమూర్తి తాళంచెవిని పిడికిట్లో బిగించాడు. గదిని తన చేతులతోనే కోళ్లకు అప్పజెప్పినట్టయింది.  ఆఫీసరు లోపలికి నడిచి, ఒక పుంజును ఎత్తి చూశాడు. నోరు తెరిచి రొప్పుతోంది. ఇంకొకటి మెడ వాల్చేసింది. తలెత్తి కాగుతున్న రేకులను చూశాడు, కిటికీల కోసం చూశాడు. లేవు.

"ఎన్నాళ్లయింది ఇవి తెచ్చి?"

"పొద్దున్నే సారూ" అంది భూమవ్వ. "మంచిగ కూసుకుంట వచ్చినయ్."

"పూట గడవకుండానే ఇలా అయ్యాయంటే, ఇందులో ఏ ప్రాణీ బతకదు." ఆయన పుంజును కింద దించి, చేతులు దులుపుకుని, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "కోళ్లన్నాక గాలి ఉండాలి, వెలుతురు ఉండాలి. ఈ గది దేనికీ పనికిరాదు. కేంద్రం ఇంకెక్కడైనా చూస్తాం. దీన్ని మీ గ్రంథాలయానికే ఉంచేసుకోండి."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. భూమవ్వ బొమ్మకు దండం పెట్టి, "ఇగ పిట్ట ముడుతదిలే నాయనా" అని ధైర్యం చెప్పి, కూరగాయల దగ్గరికి వెళ్లింది. లింగమూర్తి తాళంచెవిని కళ్లకద్దుకున్నాడు.

గాలి, వెలుతురు మనుషులకు అక్కర్లేదా అన్న ప్రశ్న ఆఫీసరు ఉన్నంతసేపూ అతని నాలుక చివరే ఉంది. సోక్రటీసయితే అడిగేవాడు, అందుకే ఆయనకు విషపు గిన్నె దక్కింది, లింగమూర్తికి తాళంచెవి దక్కింది.