దుమ్ము బయటికి రాని పెట్టె

మా పడగ్గది పక్క గదిలో ఒక సీఎన్‌సీ మిషను ఉండేది. కంప్యూటర్‌లో గీసిన అక్షరాలను చెక్క మీద తనంతట తానే చెక్కుతుంది. నేనే తయారుచేశాను. బాపట్లలో సగం గుమ్మాలకు నా నేమ్‌ప్లేట్లే. మిగతా సగానికి నా దుమ్ము అంటుంది మా ఆవిడ జ్యోత్స్న.

ఆ దుమ్ము మైదా కంటే మెత్తన. ఇడ్లీల్లో, బైబిల్లో, చివరికి జ్యోత్స్న ఊపిరితిత్తుల్లో చేరింది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, రెండో చరణానికే ఆయాసంతో కూర్చుండిపోతోంది. తెనాలి డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, "దుమ్మైనా ఇంట్లోంచి పోవాలి, మీరైనా పోవాలి" అన్నారు. నాకు భయమేసింది. ఆవిడ కోసమే. కొంచెం మిషను కోసం కూడా.

"రేపల్లెలో మీ తమ్ముడు గిరీష్ షెడ్డు ఖాళీయే కదండీ. అక్కడ పడేయండి" అంది జ్యోత్స్న తిరుగు బస్సులోనే.

"మిషను మొత్తానికి పెట్టె కడతాను జ్యోత్స్నా. ఇక దుమ్ము బయటికొస్తే నన్నడుగు."

"అడగడానికి నేనుండాలిగా?"

ప్లైవుడ్ పెట్టె కట్టాను. సందుల్లోంచి దుమ్ము వచ్చింది. మూతకు రబ్బరు పట్టీ వేశాను. వాక్యూమ్ క్లీనరు గొట్టం తగిలిస్తే, అది లోపలి దుమ్మంతా పీల్చి వంటింట్లోకి ఊదింది. దాన్ని కిటికీ అవతల పెట్టాను. మధ్యాహ్నం సూర్యలంక వైపు నుంచి సముద్రపు గాలి తిరిగి, ఆ దుమ్మును జాగ్రత్తగా మా ఇంటికే తెచ్చి అప్పగించింది. పెట్టె పెరుగుతూ వచ్చింది, ఆవిడ తగ్గుతూ వచ్చింది.

"నా సైజు చూసే కట్టారా?" అని అడిగిందోరోజు. నవ్వలేకపోయాను.

చివరికి ఆవిడే పరీక్ష పెట్టింది. చర్చిలో ప్రభు రాత్రి భోజనానికి కట్టుకునే తెల్లచీర తెచ్చి పెట్టె మీద పరిచింది.

"గంటసేపు నడపండి. చీర మాయకపోతే మిషను ఇక్కడే. మాస్తే రేపల్లె."

"ఏం చెక్కమంటావు?"

"'జ్యోత్స్న, ప్రభువునందు నిద్రించెను' అని చెక్కండి. తారీకు తర్వాత వేయొచ్చు."

"నీకేమైనా పిచ్చా?"

"ఎలాగూ కావాల్సిందేగా? ఇంట్లో మిషను పెట్టుకుని బయట చేయించుకుంటామా?"

ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే, చెక్కే ముల్లు చెక్క పలకకు తగలకుండా కంప్యూటర్‌లోనే బెత్తెడు పైకి లేపి మిషను నడిపాను. అక్షరాలన్నీ గాలిలోనే చెక్కింది. మోత మోతే, దుమ్ము మాత్రం లేదు. పెట్టెకు కిటికీ పెట్టనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

జ్యోత్స్న వచ్చి చీర మీద అరచెయ్యి రాసి చూసుకుంది.

"శుభ్రంగా ఉందండీ" అంది. నేను ఛాతీ విరిచాను. ఆవిడ చీర తీసి మూత ఎత్తబోయింది.

"ఎత్తకు, దుమ్ము!"

"దుమ్మేదీ?"

మూత లేచింది. పలక మీద గీత కూడా లేదు.

దొరికిపోయాను. నోటికొచ్చింది చెప్పాను. "నీ పేరు అలా చెక్కడానికి చెయ్యి రాలేదు జ్యోత్స్నా." అన్నాక తెలిసింది, అది అబద్ధం కాదని.

"చెయ్యి రాలేదా? మరి ఇన్నాళ్లూ ఆ చెయ్యి చేస్తోందేంటండీ?"

ఇంతలో ఆవిడకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని, అది తగ్గేదాకా నిలబడింది.

"గిరీష్ ట్రాలీ ఆటోతో వీధిలో ఉన్నాడు. పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నాను. మీ సంగతి నాకు తెలీదా?" అంది.

నేనో పక్క, గిరీష్ ఓ పక్క పట్టి మిషనును పెట్టెతో సహా ఎత్తాం. మోయలేక ఇద్దరికీ చెమటలు పట్టాయి.

"ఏం చెక్కావన్నయ్యా ఇవాళ?" అన్నాడు వాడు.

"ఏమీ చెక్కలేదురా" అన్నాను. ఆ మాట అనగలిగినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుందామంటే, చేతులు రెండూ పెట్టె కిందే ఉన్నాయి.