మాస్టారు దిద్దిన గీత

ఆ ఆదివారం పొద్దున డ్రాయింగ్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. పదింటికి అత్తగారు వచ్చేలోగా కారు కడిగి తళతళలాడించాలి. ముదురు నీలం రంగు కారు, ఆవిడదే. మూడు రోజుల క్రితం మామగారు తెచ్చి ఇంటి ముందు పెట్టి వెళ్లారు. ఆదివారం దాకా గీత పడకుండా చూసుకుంటే అల్లుడిదే, పడిందో వెనక్కి తీసుకుపోతానని అత్తగారి షరతు. రోజూ రెండు బస్సులు మారి బడికి వెళ్లే మాస్టారు, కారుకి ఏమవుతుందోనని ఈ మూడు రోజులూ దాని మీద కప్పిన గుడ్డ కూడా తియ్యలేదు.

ఇప్పుడు తీశాడు. ఎడమవైపుకి వచ్చేసరికి కనబడింది. తలుపు మీద జానెడు తెల్లటి గీత.

"ముందు తుడిచి చూడండి, మరకేమో," అంది భార్య.

"గీతకీ మరకకీ తేడా తెలియకుండానే ఇరవై ఏళ్లు డ్రాయింగు చెప్పానా?"

గోటితో ఒక్కసారి నిమిరినా సంగతి తేలిపోయేది. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న సామెత మాస్టారు పిల్లలకి చెప్పేదే గానీ తాను పాటించేది కాదు. గరుకు కాగితం తెచ్చి రుద్దాడు. గీత పోయింది. దాని చోట అరచేతంత మచ్చ తేలింది. మచ్చ అంచులు కలపబోతే అది పళ్లెమంత అయింది.

"రంగు కలపడం నాకు చిటికెలో పని," అంటూ డబ్బాలు తెరిచాడు. తడిగా ఉన్నంతసేపూ అచ్చం కారు రంగే. ఆరాక ఎవరో సున్నం కలిపినట్టు వెలవెలబోయింది. మరో పూత వేస్తే ధారలు కట్టింది. ధారల్ని తువ్వాలుతో అద్దితే నూలుపోగులు అంటుకున్నాయి. త్వరగా ఆరుతుందని భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను పెడితే బొబ్బలు లేచాయి.

చివరికి కార్లకి రంగులేసే షెడ్డు మేస్త్రీకి ఫోను చేశాడు. అంతా విని మేస్త్రీ, "సార్, మీకు దణ్ణం పెడతా. ఇంక దాన్ని ముట్టుకోకండి," అన్నాడు.

సరిగ్గా అప్పుడే మామగారు పిల్లిలా గేటు తీసుకుని లోపలికొచ్చారు. చేతిలో చిన్న సీసా, పాత గుడ్డ.

"అల్లుడూ, మీ అత్తయ్య సందు చివర ఎవరితోనో మాట్లాడుతోంది, ఈలోగా కానిచ్చేద్దాం. మొన్న మా గేటుకి తెల్లరంగు వేసి, ఆరకముందే కారు బయటికి తీశాను. కాస్త అంటుకుంది. టర్పెంటైనుతో తుడిస్తే పోతుంది. ఏదీ, ఎడమ తలుపు..."

ఆయన చూపు బొబ్బలెక్కిన తలుపు మీద పడింది. మాస్టారు తన కాళ్ల దగ్గరున్న డబ్బా వంక చూశాడు. కుంచెలు నానుతున్నది టర్పెంటైనులోనే.

"ఎవరి నిర్వాకం ఇది?" వెనకనుంచి అత్తగారు.

"కారుని గేటుకి తగిలించింది నేనే గానీ..." అన్నారు మామగారు. ఆ 'గానీ' తర్వాతది ఆవిడ వినలేదు. మోచేతుల దాకా నీలం పూసుకుని, చేతిలో కుంచెతో నిలబడ్డ అల్లుణ్ణి చూసి కరిగిపోయింది.

"అయ్యో, ఈయన చేసింది కప్పిపుచ్చడానికి ఇంత అవస్థ పడుతున్నారా!"

"కాదండీ అత్తయ్యగారూ, ఇదంతా నేనే..."

"ఆయన్ని వెనకేసుకు రాకండి బాబూ. నలభై ఏళ్లుగా చూస్తున్నాను." రెండో తాళంచెవి అతని చేతిలో పెట్టింది. "కారు మీదే. ముందు నన్ను ఇంటి దగ్గర దింపి, అటే షెడ్డుకి తీసుకెళ్లండి."

మాస్టారికి ఎగిరి గంతెయ్యాలనీ ఉంది, భూమిలోకి కుంగిపోవాలనీ ఉంది. మామగారి కళ్లలోకి చూడలేకపోయాడు.

"మరి నేనో?" అన్నారు మామగారు, సీసా జేబులో దాచుకుంటూ.

"ఆ కారు ఛాయలకి రాకండి. బస్సులో రండి."

ఏ బస్సెక్కాలో, ఎక్కడ మారాలో అల్లుడే దగ్గరుండి చెప్పాడు. రోజూ బడికి వెళ్లే దారే, అతనికి కంఠతా వచ్చు.