చిటికెన వేలు ఎవరి పరిధి?

దేహంలో ఒక కబురు కాలి బొటనవేలి నుంచి మెదడుకు చేరడానికి రెప్పపాటు చాలు. అదే కబురు ఆసుపత్రిలో ఒక బ్లాకు నుంచి ఎదురు బ్లాకుకు చేరడానికి మూడు నెలలు పడుతుంది. ఈ సత్యాన్ని నిరూపించిన ఘనత వీధి చివర ఇస్త్రీ కొట్టు నడిపే ఆవిడకు దక్కింది. వీధంతా ఆమెను ఇస్త్రీ అక్క అంటారు.

ఎడమ మోచెయ్యి బల్లకు ఆనించి, ఆ చేతి వేళ్ళతో గుడ్డ సర్దుతూ, కుడి చేత్తో ఇస్త్రీపెట్టె తోయడం ఆమెకు ఇరవై రెండేళ్ళ అలవాటు. ఒకరోజు కాలిన వాసన వచ్చింది. ఎవరి చొక్కా తగలబెట్టానోనని గబుక్కున పెట్టె ఎత్తి చూసింది. చొక్కా నిక్షేపంలా ఉంది. కాలింది తన చిటికెన వేలు. హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాతే భయమేసింది.

మర్నాడు తోడికోడలిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. గోడ మీద పెద్ద పటం. మెదడు, వెన్నుపాము కలిస్తే కేంద్ర నాడీవ్యవస్థ; వాటి నుంచి ఒళ్ళంతా పాకిన నరాలు పరిధీయ నాడీవ్యవస్థ. పటం గీసినాయన పాఠం చెప్పాలనుకున్నాడు. అధికారులు దాన్ని ఉత్తర్వుగా చదువుకుని రెండు బ్లాకులు కట్టించారు.

"మెదడు, వెన్నుపాము వరకే మాది. వేళ్ళు ఎదురు బ్లాకు," అన్నాడు గుమస్తా.

ఎదురు బ్లాకులో రెండు కిటికీలు. కబురు పైకి మోసే నరాలకొకటి, ఆజ్ఞ కిందికి తెచ్చే నరాలకొకటి.

"తెలియడం లేదా, కదలడం లేదా?"

"కదులుతోందండీ. కాలినా తెలియడం లేదు."

"అయితే పక్క కిటికీ."

పక్క కిటికీ ఆయన మర్యాదస్తుడు. "తెలిసేది మెదడుకి కదమ్మా. లోపం మెదడులో లేదని ఆ బ్లాకు నుంచి కాగితం రావాలి."

ఆ బ్లాకువారు కాగితం రాశారు గానీ చేతికివ్వలేదు. ఒక నాడీకణం తోక ఇంకో కణానికి తగలదు. మధ్యనున్న సన్నని సందులో రసాయనం కబురు మోస్తుంది. రెండు బ్లాకుల మధ్య సందులో ఆ పని బంట్రోతుది. ఆయన సెలవు మీద ఉన్నాడు. (రసాయనానికి సెలవులు మంజూరు చేసే నిబంధన ఇంకా రాలేదు.)

తోడికోడళ్ళిద్దరూ వారం వారం వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "ఇట్లా తిరిగితే కాళ్ళ నరాలకీ చీటీ రాయించాలక్కా," అంది తోడికోడలు. చివరికి కాగితాన్ని బీరువా కింద నుంచి తీసి ఇచ్చింది ఊడ్చే ఆవిడ. (నాడీకణాలకు తిండి పెట్టి, చెత్త ఎత్తే సహాయక కణాలు పటంలో ఓ మూలన, చిన్న అక్షరాల్లో ఉన్నాయి.)

అప్పటికి వేలు ముడుచుకుపోయి చాపితే రావడం లేదు. కాగితం అందాక ఎదురు బ్లాకు డాక్టరు మోచెయ్యి నొక్కి చూశాడు.

"ఇక్కడ నరం నలిగిందమ్మా. కరెంటు తీగకున్నట్టే దీనికీ తొడుగుంటుంది. ముందు తొడుగు పోయింది, ఇప్పుడు తీగే పోతోంది. మూడు నెలల కిందట వచ్చుంటే మోచెయ్యి ఆనించొద్దని చెబితే సరిపోయేది."

"మూడు నెలల కిందటే వచ్చానండీ."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. బయట బెంచీ మీదున్నాను."

డాక్టరు ఆపరేషనుకు రాశాడు. వేలు మునుపటిలా అవుతుందని మాత్రం అనలేదు.

ఆపరేషను కాగితంలో 'ఆలస్యానికి కారణం' అనే గడి ఖాళీగా ఉండకూడదు. గుమస్తా బాగా ఆలోచించి, ఎవరికీ మాట రాకుండా నింపి, చదివి వినిపించాడు: 'రోగికి నొప్పి తెలియలేదు.'

అందులో అబద్ధమేమీ లేదు కనుక ఆమె సంతకం పెట్టింది.