ఏకాంబరం కూతురి టీకా డిజైన్

ఆ ఆదివారం పొద్దున సుజన అనుకున్న పని చాలా చిన్నది. తిరుపతి యూనివర్సిటీలో డెంగీ టీకా మీద పరిశోధన చేస్తున్న ఆమె సెలవుకు సొంతూరు నగరికి వచ్చింది. టిఫిన్ తిని, ల్యాప్‌టాప్ తెరిచి, మిగిలిన కాస్త పనీ ముగించి సోమవారం ప్రొఫెసర్‌కు చూపించాలి. అంతే.

ఆమె తండ్రి ఏకాంబరం చీరలు నేసే మరమగ్గాల షెడ్డు నడుపుతాడు. కాఫీ గ్లాసుతో వచ్చి కూతురి భుజం మీదుగా తొంగిచూశాడు. తెర మీద రంగురంగుల రిబ్బన్లు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇదేంది పాపా, చీర అంచా?"

"కాదు నాయనా. వైరస్‌లో మన ఒళ్లు గుర్తుపట్టే ముక్కల్ని ఏరి, వరసగా పేర్చి, టీకా డిజైన్ చేస్తా ఉండా."

"ఎప్పటికి అవతాది?"

"డిజైన్ ఇంకో గంటలో అయిపోతాది."

ఏకాంబరానికి తెలిసిన కంప్యూటర్ డిజైన్ ఒక్కటే. అది పొద్దున పెన్‌డ్రైవ్‌లో వస్తుంది, సాయంత్రానికి చీర మీదికి దిగుతుంది. టీకా సంగతీ అంతే అనుకున్నాడు. గ్లాసు పక్కన పెట్టి వీధిలోకి వెళ్లాడు.

పక్కింటి మునెమ్మ మనవడు పోయిన వానాకాలం డెంగీతో ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. "సాయంత్రానికి టీకా వచ్చేస్తాదక్కా. ముందు మన వీధికే" అని ఏకాంబరం చెప్పగానే ఆమె కళ్లు ఒత్తుకుని ఇల్లిల్లూ తిరిగింది. మూడో ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం కాస్తా మధ్యాహ్నమైంది. ఆరో ఇంటికి వెళ్లేసరికి టీకాలు నలభై మందికే వస్తాయన్న మాట పుట్టింది.

పదకొండింటికి వీధి జనం ఆధార్ కార్డులతో ఏకాంబరం ఇంటి ముందు వరస కట్టారు. వార్డు పెద్ద దామోదరం షామియానా వేయించి, మైకుతో పాటు సూదులతో ఒక కాంపౌండర్‌నూ తెచ్చాడు. మైకు గోల విని సుజన బయటికొచ్చింది.

"టీకా యాడుండాదమ్మా?" అని అడిగాడు దామోదరం.

"కంప్యూటర్లో ఉండాది."

"బయటికి తియ్యి మరి."

సుజనకు అప్పుడు అర్థమైంది. ఏది పనిచేయవచ్చో మాత్రమే కంప్యూటర్ చెబుతుందనీ, దాన్ని ల్యాబులో తయారుచేసి ముందు ఎలుకల మీద, తర్వాత మనుషుల మీద పరీక్షించాలనీ, దానికి ఏళ్లు పడుతుందనీ ఓపిగ్గా వివరించింది.

"ముందు ఎలకలకా?" మునెమ్మ మొహం చిన్నబోయింది. "మా ఇంట్లో ఎలకలకు ఏమీ కాలేదమ్మా. మా పిల్లోడికే వచ్చింది."

 సుజన దామోదరం చేతిలోని మైకు అందుకుంది. "టీకా వచ్చేలోగా దోమ పుట్టకుండా అయినా సూద్దాం. నిలవ నీళ్లు యాడున్నా ఇప్పుడే పారబోద్దాం, రండి."

వచ్చినందుకు ఏదో ఒకటి జరగాలి కాబట్టి వరస అట్లాగే కదిలింది. డ్రమ్ములు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు ఖాళీ అయ్యాయి. ఎవరి ఇంటి నీళ్లలో ఎన్ని దోమ పురుగులు దొరికాయో దామోదరం పేర్లతో సహా మైకులో చదివాడు. అందరికంటే ముందు ఏకాంబరం నడిచాడు. "ఇంత గలీజైతే ఎట్టప్పా? నా కూతురు ఒకితే ఎంతని చేస్తాది?"

చివరికి ఆయన షెడ్డే మిగిలింది. వెనక నూలు తడిపే సిమెంటు తొట్టి ఉంది. దాని మీది చిరిగిన గోనెపట్టా లాగితే నీళ్ల కంటే పురుగులే ఎక్కువ కనిపించాయి. మునెమ్మ తొట్టిని చూసింది, నాలుగడుగుల దూరంలోని తన కిటికీని చూసింది, తర్వాత ఏకాంబరాన్ని చూసింది.

"ఈ నీళ్లు ఎప్పటివి నాయనా?" అని సుజన మెల్లగా అడిగింది.

"రెండు నెల్లు అయిండొచ్చు" అన్నాడు ఏకాంబరం, ఇంకా మెల్లగా.

పక్కనే దామోదరం పట్టుకున్న మైకు మాత్రం ఆ మాటను వీధి చివరిదాకా వినిపించింది.

ఆ వారం వీధిలో దోమలు బాగా తగ్గాయి. ఏకాంబరానికి మర్యాద కూడా ఇంచుమించు అంతే తగ్గింది.