ఇటలీ వీధిలో జానెడు ఇల్లు

విశ్వవిహార్ పార్కులోని ఇటలీ వీధిలో ఏడో ఇంటికి ముఖం తప్ప ఇంకేమీ లేదు. రంగనాయకులు కాపురం ఉంటున్నది ఆ ఇంట్లోనే. ఇనుప చట్రం మీద ఫైబర్ పలకలు బిగించి రంగు వేసిన మూడంతస్తుల గోడ అది. మందం జానెడు. తలుపుంది, కిటికీలున్నాయి, రెండో అంతస్తులో కమ్మీల బాల్కనీ ఉంది. తలుపు తీసి నేరుగా నడిస్తే వెనకున్న జనరేటర్ షెడ్డులోకి వెళ్లిపోతారు. ఇంట్లోకి వెళ్లాలంటే గడప దాటగానే పక్కకు తిరగాలి. మొదట్లో భుజం తగులుతుంది. అలవాటైతే తగలదు.

ఆ వీధి పుట్టడానికి కారణం పార్కు చైర్మన్ గారి యూరప్ యాత్ర. ఆయన పదిమందితో కలిసి టూరు వెళ్లి, ఇటలీని చాలావరకు బస్సు కిటికీలోంచే చూసి, ఫోను నిండా ఇళ్ల ముఖాలు పట్టుకొచ్చారు. బస్సు ఏ ఇంటి వెనక్కీ వెళ్లలేదు కనుక వెనక వైపు ఫొటోలు రాలేదు. ఉన్న ఫొటోల ప్రకారమే ఇళ్లు గీశారు.

గోడలు వందల ఏళ్లనాటివిలా కనిపించాలని బొంబాయి నుంచి వచ్చిన డిజైనరమ్మాయి పెచ్చులూడినట్టు, బీటలు వారినట్టు ఎంతో శ్రమపడి రంగులు వేయించింది. చైర్మన్ గారి తల్లి వెంకాయమ్మగారు చూడడానికి వచ్చి, "కొత్తింటికి బీటలేంట్రా? మేస్త్రీ సిమెంటు తినేశాడా?" అని కొడుకుని నలుగురిలో నిలబెట్టి అడిగారు. మర్నాటికల్లా బీటలు పూడ్చి, ముఖం చూసుకునేంత నిగనిగలాడే పెయింటు వేశారు. వీధి చివర కట్టిన ఒరిగిన గోపురం ఈశాన్యానికి ఒరగడం వంశానికి మంచిది కాదని సిద్ధాంతిగారు చెబితే, దాన్ని నైరుతికి ఒరిగేలా తిప్పారు. వీధి వెంట తవ్విన కాలవలో పడవ నడిపేవాడు పాట పాడాలన్నారు. నల్లగొండ వైపు నుంచి వచ్చిన సైదులుకు బతుకమ్మ పాటలు తప్ప రావు. పడవ ఊగుతుంటే ఉయ్యాలో అనడం బాగానే కుదిరిందని అందరూ ఒప్పుకున్నారు. ఫౌంటెన్‌లో నాణెం వేసి కోరిక కోరుకోమని బోర్డు పెడితే, జనం నాణెంతోపాటు పసుపూ కుంకుమా కూడా వేశారు. నీళ్లు నారింజ రంగుకు తిరిగాయి. ఆ ఏడాది నుంచి బ్రోషరులో కూడా నారింజ రంగే వేస్తున్నారు. ఇటలీ ఆ విధంగా నానాటికీ మెరుగవుతూ వచ్చింది.

అసలు పొరపాటు ప్రారంభోత్సవం రోజున జరిగింది. రిబ్బను కత్తిరిస్తే సరిపోయేది. కానీ వెంకాయమ్మగారు, "ఇన్నిళ్లు కట్టి పాలు పొంగించకపోవడమేంటి, అప్రదిష్ట!" అని, ఏడో ఇంటి గడప ముందు మూడు ఇటుకలు పేర్పించి, ఇత్తడి గిన్నెలో స్వయంగా పాలు పొంగించారు. గడపకు పసుపు రాశారు. ద్వారానికి గుమ్మడికాయ కట్టించారు. పాలు తూర్పుకే పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "రాత్రికి ఇంట్లో పడుకునేదెవరు?" అన్నారు.

జనరల్ మేనేజరు ప్రమోద్ అయోమయంగా చూశాడు.

"దీనికి లోపలేం లేదండీ అమ్మగారూ. ఎలివేషన్ మాత్రమే, ముందు గోడ."

"లోపల ఏముందని నేనడిగానా? పాలు పొంగాయి. పాలు పొంగిన ఇంటిని ఆ రాత్రి ఒంటరిగా వదిలేస్తారటయ్యా ఎక్కడైనా?"

ఇది కాదనలేని మాట. అదీగాక పార్కులో సగం వాటా ఆవిడ పేరనే ఉంది. ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్లు లేని ఉద్యోగి ఎవరా అని ప్రమోద్ చుట్టూ చూశాడు. షామియానా గుంజ పట్టుకుని నిలబడ్డ మెయింటెనెన్స్ సూపర్‌వైజరు రంగనాయకులు కనిపించాడు.

రంగనాయకులు భార్య తాయారు పోయి అప్పటికి ఏడాది దాటింది. వనస్థలిపురంలో వాళ్లకు రెండు పడగ్గదుల ఫ్లాటు. అందులో ఆవిడ లేని చోట్లు చాలా ఉన్నాయి. మంచానికి కుడి పక్క, సోఫాలో కిటికీ వైపు మూల, వంటింట్లో పొయ్యి ముందు నిలబడే జాగా. ఆ చోట్లను తొక్కకుండా నడవడం ఆయన నేర్చుకున్నాడు. తాయారు ఆయనకు ఎక్కువగా గుర్తున్నది వెనక నుంచే. పొయ్యి వైపు తిరిగి, ముడిలో కనకాంబరాలు పెట్టుకుని, వెనక్కి చూడకుండానే "చేతులు కడుక్కున్నారా?" అనే మనిషి.

మేనేజరు చెప్పాడు కదా అని ఆయన ఆ రాత్రికి జానెడు ఇంట్లోకి పక్కగా తిరిగి వెళ్లాడు. చాప పరవడానికి చోటు లేదు, నిలువునా పడుకున్నాడు. తెల్లారి లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉంది. ఎందుకా అని ఆలోచిస్తే తెలిసింది. పక్కకు చూద్దామంటే పక్క లేదు. ఆ ఇంట్లో ఖాళీకి కూడా చోటు లేదు. చాలాకాలం తర్వాత ఆయన కాఫీ చల్లారకముందే తాగాడు.

ఖాళీ చేయమని ఎవరూ అనలేదు, చేస్తానని ఆయనా అనలేదు. ఆదివారం ఫ్లాటు నుంచి రెండు పంచెలు, ఒక గిన్నె, రేడియో తెచ్చుకుని ఫ్లాటుకు తాళం వేశాడు. బాల్కనీ కమ్మీల మీద పంచె ఆరేస్తే సందర్శకులు ఆగి ఫొటోలు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇటలీలో కూడా ఇలాగే ఆరేస్తారని వెళ్లొచ్చినవాళ్లు వెళ్లనివాళ్లకు చెప్పారు. దాంతో ఆఫీసువాళ్లు ఏడో నంబరును సిబ్బంది క్వార్టరుగా గుర్తించి, ఆయన ఇంటద్దె భత్యం ఆపేశారు. కరెంటాయన మీటరు పెట్టడానికి వచ్చాడు.

"గదులెన్నండీ?"

"గదుల్లేవు. కిటికీలున్నాయి."

"సరే, కిటికీకో లైటు రాసుకుంటాలెండి," అని ఆయన ఇంకేమీ అడగకుండా వెళ్లాడు. పన్ను ముఖం వెడల్పును బట్టి వేశారు. ఊళ్లో పద్ధతి కూడా ఇంచుమించు అదేనన్నారు.

వానాకాలం మొదట్లో సైదులు పడవ కట్టేసి, కిటికీ కింద నిలబడి పిలిచాడు.

"సారూ, తొమ్మిదో నంబరు ఉత్తగనే ఉంది గదా. మేమొచ్చి ఉండొచ్చా?"

"యాదమ్మ ఒప్పుకుందా?"

"బాల్కనీ ఉందంటే సంబురపడ్డది సారూ. మా అత్తతోనే పరేశాన్. ఆమె పక్కకు తిరిగినా సగం బయటనే ఉంటది."

"కొన్నాళ్లకు సర్దుకుంటుందిలేవయ్యా. నేను సర్దుకోలా?"

"మీరు ముందుగాల్నే సన్నం. అయినా జానెడు పొట్ట కోసం ఇంత దూరమొచ్చినోళ్లం, జానెడు ఇల్లు సాలదా?"

వెంకాయమ్మగారు కబురందుకుని వచ్చి తొమ్మిదో ఇంటికి కూడా పాలు పొంగించారు. అత్తగారు సర్దుకుంది. టికెట్లు చింపేవాళ్లు, జెయింట్ వీల్ ఆపరేటర్లు, ఐస్‌క్రీం బండి వాళ్లు ఒక్కొక్కరే వచ్చి కాపురాలు పెట్టారు. కిటికీలోంచి కిటికీలోకి పప్పు గిన్నెలు, పెరుగు తోడు, పెళ్లి సంబంధాలు నడిచాయి. అక్కడ కాపురమున్నవాళ్లు ఎదురుగా చూస్తే నిండుగానే కనిపించేవాళ్లు. పక్క నుంచి చూస్తే కొంచెం కష్టం. కానీ మనుషుల్ని పక్క నుంచి చూసే అలవాటు ఎవరికీ లేదు కనుక ఇబ్బంది రాలేదు.

ఇబ్బంది దీపావళి ముందు వచ్చింది. ప్రమోద్ స్వీట్ల పెట్టెతో స్వయంగా గడప దగ్గరకొచ్చాడు.

"రంగనాయకులు గారూ, శుభవార్త. రెండో దశకు అనుమతొచ్చింది. ఇళ్లకు లోపల కట్టిస్తున్నాం. ముందు మీదే! హాలు, వంటిల్లు, పడగ్గది."

రంగనాయకులు లడ్డూ చేతిలోకి తీసుకున్నాడు.

"పడగ్గది ఎంతుంటుందండీ?"

"డబుల్ కాట్ మంచం వేసుకోవచ్చండీ, హాయిగా."

"నాకు లోపలొద్దండీ."

"అదేంటండీ! లోకమంతా అదనపు గది కోసం అప్పులు చేస్తుంటే!"

"లోపలంటూ ఉంటే, అందులో ఎవరో ఒకరు లేకుండా పోతారండీ. ఇప్పుడసలు లోపలే లేదు. ప్రాణానికి సుఖంగా ఉంది."

ప్రమోద్ మంచివాడు. లడ్డూ తినమని బతిమాలాడు. కానీ ప్లాను మంజూరైపోయింది. నిద్రపట్టక ఆలోచించగా రంగనాయకులుకు ఒక దారి తోచింది. లోపల కడితే అది కొత్తిల్లు. కొత్తింటికి మళ్లీ పాలు పొంగించాలి. ఈసారి ఇంటాయన ఉన్నాడు కనుక దంపతులే పీటల మీద కూర్చోవాలి. తాను ఒక్కడే. కాబట్టి ఏడో ఇంటికి లోపల కట్టడం శాస్త్రప్రకారం కుదరదు. ఈ సంగతి విన్నవించుకున్నాక ఆయన కడుపునిండా భోంచేశాడు.

విన్నపం వెంకాయమ్మగారి దగ్గరకు వెళ్లింది. ఆవిడ, "పూర్వం యాగాలకు భార్య దగ్గర లేకపోతే బంగారు బొమ్మను పక్కన కూర్చోబెట్టుకోలేదూ? మనకు బంగారమెందుకు, వర్క్‌షాపులో బోలెడంత ఫైబరుంది," అన్నారు.

పార్కులో పులుల్నీ జిరాఫీల్నీ పోసే వర్క్‌షాపు మేస్త్రీ తాయారు ఫొటో అడిగాడు. పాతికేళ్ల పెళ్లిరోజుకు స్టూడియోలో తీయించుకున్నది ఒక్కటే ఉంది. అందులో ఆవిడ లైట్ల వైపు చూస్తూ, ఎవరో చెబితే నవ్వినట్టు నవ్వుతోంది. వారం తిరిగేసరికి బొమ్మ నిలబడింది.

"ముక్కు కుదిరింది కదండీ?" అన్నాడు మేస్త్రీ గర్వంగా.

"కుదిరింది బాబూ. వెనక ముడి కూడా వేస్తారా? కనకాంబరాలు పెట్టుకునేది."

"వెనకా?" మేస్త్రీ నవ్వాడు. "మన దగ్గర దేనికీ వెనక చెయ్యమండీ. పులికే చెయ్యలా."

ఈలోగా పై నుంచి కొత్త నిర్ణయం వచ్చింది. సందర్శకులు కొందరు టికెట్ కౌంటరు దగ్గర ఇటలీ ఇళ్లు అమ్ముతారా అని అడగసాగారు. ఇలాంటిదే మాకూ కావాలి, ముఖం మాత్రం తగ్గకూడదు అన్నారు. లోపల కట్టడం దండగ ఖర్చని చైర్మన్ గారికి ఆ క్షణంలో బోధపడింది. రెండో దశ రద్దు చేసి, ఔటర్ రింగు రోడ్డు అవతల భూములు కొని, ముఖాలు మాత్రమే ఉన్న ఇళ్ల వెంచరు వేశారు. పునాదులు పడకముందే అమ్ముడైపోయాయి. బ్యాంకులవాళ్లు ఎదురుగా నిలబడి చూసి అప్పులిచ్చారు. గృహప్రవేశాలకు బంధువులొచ్చి, ఇంటి ముందు ఫొటోలు దిగి, షామియానాలో భోంచేసి, చాలా బాగా కట్టారని చెప్పి వెళ్లారు. లోపలెలా ఉందని ఎవరూ అడగలేదు. పూర్వం లోపలలు ఉన్న రోజుల్లో కూడా పెద్దగా అడిగేవాళ్లు కాదు.

ఏడో ఇంటికి లోపల తప్పిపోయిందన్న కబురు విని రంగనాయకులు ఫౌంటెన్‌లో నాణెం వేసి దణ్ణం పెట్టుకున్నాడు. అయితే బొమ్మ ఆర్డరు అప్పటికే పూర్తయింది. పూర్తయినదాన్ని చేర్చవలసిన చోటికి చేర్చకపోతే ఆడిట్‌వాళ్లు ఊరుకోరు. సైదులు దాన్ని పడవలో పెట్టుకుని కాలవ మీదుగా తెచ్చి, ఇద్దరూ కలిసి రెండో అంతస్తు కిటికీలో నిలబెట్టారు. బొమ్మ మందం కూడా జానెడే కనుక సరిగ్గా అమిరింది.

"అమ్మగారు మంచిగున్నరు సారూ. అచ్చం మిమ్మల్నే చూస్తున్నట్టుంది."

"అంతసేపు ఆవిడ నన్నెప్పుడూ చూడలేదయ్యా. పొయ్యి మీద ఏదో ఒకటి ఉండేది."

మర్నాడు గేటు దగ్గర రంగనాయకులు ఒక మూర కనకాంబరాలు కొన్నాడు. చెయ్యి కిటికీ వెనకగా పోనిచ్చి తడిమితే బొమ్మకు అటువైపు గరుకుగా, గుల్లగా తగిలింది. ముడి ఉండవలసిన చోట ఒక ఇనుప కొక్కెం దొరికింది. పూలు దానికి తగిలించాడు. వీధి మొత్తానికి వెనక అంటూ ఉన్నది ఆ ఒక్కటే. రోజూ పొద్దున్నే పూలు మార్చి డ్యూటీకి వెళ్లేవాడు. వారం ఎంతో బాగా గడిచింది.

వాడిన పూలు జనరేటర్ షెడ్డు వైపు రాలుతున్నాయని భద్రతా విభాగం రాసింది. ఎలివేషన్ల వెనక ఏ వస్తువూ ఉంచరాదని సర్క్యులర్ వచ్చింది. ప్రమోద్ దాన్ని చేతికివ్వడానికి మొహమాటపడుతూ వచ్చాడు.

"అభ్యంతరం పూల మీద కాదండీ. వెనక అనేదాని మీద."

"అర్థమైందండీ. నియమం నియమమే."

"కావాలంటే ముందు పెట్టుకోండి. ఎన్నయినా పెట్టుకోండి. ఆ పూల ఖర్చు పార్కు భరిస్తుంది."

ఇంతమంది తనను గురించి ఆలోచిస్తున్నారని రంగనాయకులు మనసు కరిగింది. కొక్కెం నుంచి దండ తీసి బొమ్మ భుజం మీదుగా ముందుకు వేశాడు. కిందికి దిగి వీధిలో నిలబడి చూస్తే, తాయారు ఇదివరకటికంటే నిండుగా ఉంది. ఆ రోజు ఏడో ఇంటి ముందు జనం బాగా ఆగారు.

సాయంత్రం ఆయన పక్కకు తిరిగి ఇంట్లోకి వెళ్లి, ఎప్పటిలాగే ఆ మాట గుర్తుచేసుకున్నాడు. "చేతులు కడుక్కున్నారా?" గొంతు సరిగ్గానే వినిపించింది. మనిషి మాత్రం ఎదురుగా తిరిగి, స్టూడియో లైట్ల వైపు చూస్తూ నవ్వుతూ అడిగింది. ఆయన ఆవిడను పొయ్యి వైపు తిప్పి చూడబోయాడు. తిరగలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. అటువైపు ఏమీ లేదు.

కింద పిల్లల రైలు కూత వేసుకుంటూ ఇటలీ వీధిలోకి వచ్చింది. అందులోనివాళ్లు కిటికీ వైపు చూపిస్తూ చేతులు ఊపుతున్నారు. రంగనాయకులు గబగబా చేతులు కడుక్కుని, తాయారు పక్కన వచ్చి నిలబడి, పక్కకు తిరగకుండా, వాళ్లకు చెయ్యి ఊపాడు.