కనిషాయ్ వాళ్ళమ్మ ఎంత శాతం సొంతం

మానవజాతి వేల ఏళ్ళుగా సత్యం కోసం అడవులు పట్టి తిరిగింది, కొండలెక్కింది, గడ్డాలు పెంచింది. అది ఇన్నాళ్ళూ ఫెర్గానా లోయలోని మా విశ్వవిద్యాలయం రెండో అంతస్తులో, మరుగుదొడ్డి పక్క గదిలో ఉందని పోయిన ఏడాదిగానీ తెలియలేదు. ఆ గది తలుపు మీద 'మౌలికతాధికారి' అని ఇత్తడి పలక ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక టీ కెటిలు, తొక్తోసునోవ్ గారు ఉంటారు. (ఈ మూడింటిలో పని చేస్తే వేడెక్కేది కెటిలు ఒక్కటే.)

విద్యార్థి ఏం రాసినా ముందు ఆ కంప్యూటరులోకి వెళ్ళాలి. అది ఆ రాతను అప్పటిదాకా తన కడుపులో పడ్డ రాతలన్నిటితో పోల్చి, ఇందులో సొంతం ఇంత, నకలు ఇంత అని తేలుస్తుంది. మా పెద్దల పరిశోధనా గ్రంథాలకు మాత్రం ఈ పరీక్ష లేదు. ఆ మినహాయింపు, యంత్రం కొనకముందే టైపయింది.

మొదటి ఏడాది పిల్లలకు నేను సాహిత్యం చెబుతాను; వాళ్ళు నన్ను అక్కా అనే పిలుస్తారు. 'సాహిత్యం, సమాజం, వలస' అని వ్యాసాల పోటీ పెట్టారు. కల్పన పనికిరాదు, జరిగిందే రాయాలి. గెలిచినవాళ్ళు మాస్కోలో జరిగే సదస్సుకు వెళ్ళి వ్యాసం చదవాలి, ఖర్చులన్నీ మావే. అందరికంటే ముందు పేరిచ్చింది కనిషాయ్. ఆ పిల్ల తల్లి మాస్కోలో ఒక హోటల్లో మెట్లు తుడుస్తుంది. ఈ పిల్ల రెండో తరగతిలో ఉండగా వెళ్ళింది. కాగితాల గడువు దాటిపోయింది కాబట్టి ఒకసారి ఇంటికొస్తే మళ్ళీ అటు అడుగు పెట్టనివ్వరు. అందుకని రాలేదు. తండ్రి ఎప్పుడో పోయాడు. నాయనమ్మే పెంచింది.

కనిషాయ్ రాసింది నేను రెండుసార్లు చదివాను. అమ్మ పంపే బూట్లు ఎప్పుడూ ఒక సైజు తక్కువే వస్తాయని రాసింది. యుద్ధానికెళ్ళిన మగవాడి కోసం ఏడ్చే పాటలు మనకు కొల్లలుగా ఉన్నాయి, బకెట్టు పట్టుకుని వెళ్ళిన తల్లి కోసం ఒక్కటీ లేదేమని అడిగింది. యంత్రం దాన్ని చదివి, సొంతం పంతొమ్మిది శాతం అంది.

ఇద్దరం ఆ గదికి వెళ్ళాం.

"నకలు," అన్నారు తొక్తోసునోవ్ గారు.

"ఎవరి దాంట్లోంచి సార్?" అంది కనిషాయ్.

"నీ క్లాసు మొత్తం దాంట్లోంచి. అమ్మ ఆదివారం ఫోన్ చేస్తుందని సగం మంది రాశారు. నాయనమ్మ పెంచిందని మిగతా సగం. ఆ బూట్లు కూడా ఉన్నాయి, వెనక బెంచీ అబ్బాయి దాంట్లో."

"మా అందరికీ అలాగే జరిగింది సార్."

"అందరికీ జరిగితే నీ సొంతమెలా అవుతుందమ్మా? ముందు పంపినవాడిది సొంతం. నువ్వు ఆలస్యంగా పంపావు."

"అన్నగారూ, అది ఆ పిల్ల జీవితమండీ," అన్నాను నేను.

"కాదనలేదు. కాకపోతే ఎవరో ముందే జీవించేశారు." ఆయన టీ పోసుకున్నారు. "వాళ్ళమ్మచేత వేరేగా ఏదైనా చేయించమనండి."

కనిషాయ్ అక్కడే వరండాలో నిలబడి తల్లికి ఫోన్ కలిపింది.

"అమ్మా, ఎవరూ చేయని పని ఏదైనా చేస్తావా నువ్వు?"

"ఏం చేస్తానే. మెట్లు తుడుస్తా. పైనుంచి కిందికి."

"అది అందరూ రాసేశారు."

"కిందనుంచి పైకి తుడవమంటావా?" అని నవ్వింది తల్లి. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "లిఫ్టులో ఎవరూ లేకపోతే పాడుకుంటానే. నిన్ను జోకొట్టేప్పుడు పాడేదాన్నే, అది," అంది.

కనిషాయ్ ఆ పాట కలిపి మళ్ళీ పంపింది. యంత్రం దాన్నీ పట్టుకుంది. పక్క క్లాసు అక్‌మరాల్ వాళ్ళమ్మ కూడా లిఫ్టులో పాడుతుందట. (అదే హోటలు, అదే లిఫ్టు, వేరే షిఫ్టు.) తల్లులిద్దరూ కూడబలుక్కున్నట్టు కనబడుతోంది కాబట్టి ఇద్దరినీ మందలించాలని తొక్తోసునోవ్ గారు పైఅధికారులకు రాశారు.

మూడోసారి కనిషాయ్ నాకు చూపించకుండానే పంపింది. అందులో వాళ్ళమ్మ ఇంట్లోనే ఉంది. సాయంత్రం ఈ పిల్ల తలుపు తీసేసరికి వంటింట్లో పిండి ముక్కలు నూనెలో వేసి బూర్సోకులు వేయిస్తోంది, వేడివేడిగా రెండు చేతిలో పెడుతోంది. బూట్లు కొనేముందు పాదం కొలుస్తోంది. తిడుతోంది కూడా.

సొంతం తొంభై ఎనిమిది శాతం. తొక్తోసునోవ్ గారు కుర్చీలోంచి లేచారట. ఈ లోయలో ఇంతవరకూ ఎవరూ ఇలాంటిది రాయలేదని, వలసను ఇంత కొత్తగా చూసినవాళ్ళు లేరని కమిటీ మెచ్చుకుంది. కల్పన కాదని ధ్రువీకరించి సీలు వేసి, మొదటి బహుమతి ఇచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నిజం బయటపెడితే ఆ పిల్ల ప్రయాణం ఆగిపోతుంది.

"సదస్సులో ఇదే చదవాలి కదే. మీ అమ్మ వింటే?" అన్నాను.

"చదివేది కాసేపే అక్కా. తర్వాత అమ్మ దగ్గరే ఉంటా." అప్పటికే తల్లి కోసం కురుత్ పొట్లం కట్టింది. ఎండిన పెరుగు ఉండలు అక్కడా దొరుకుతాయి, కానీ వాళ్ళ నాయనమ్మ చేసినవి దొరకవు.

కనిషాయ్‌కి ఇంకా పద్దెనిమిది నిండలేదు. దేశం దాటాలంటే తల్లి వచ్చి, ఆ గదిలోనే తొక్తోసునోవ్ గారి ఎదుట సంతకం పెట్టాలి. తల్లికి బదులు నాయనమ్మ వచ్చింది, పండక్కి కట్టుకునే తలగుడ్డ కట్టుకుని.

"మీ సంతకం తల్లి విదేశంలో ఉంటేనే చెల్లుతుంది పెద్దమ్మా," అన్నారాయన.

"విదేశంలోనే ఉంది నాయనా."

"లేదు, ఇంట్లో ఉంది. మేం సీలు వేశాం."

"ఇంట్లో ఉంటే నేనెందుకొస్తాను, ఈ మోకాళ్ళతో రెండంతస్తులెక్కి?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఆవిడ ఎందుకు రాలేదు? కూతురి భవిష్యత్తు కంటే బూర్సోకులు ఎక్కువా?"

కనిషాయ్ సంచిలోంచి తన మొదటి వ్యాసం తీసి బల్ల మీద పెట్టింది. "ఇది చూడండి సార్. ఇందులో అమ్మ మాస్కోలోనే ఉంది."

ఆయన కాగితం తిప్పను కూడా తిప్పలేదు. "అది నకలని తేలింది కదమ్మా," అన్నారు, నిజంగానే జాలిగా.

టికెట్టు వృథా కాకూడదని సదస్సుకు తొక్తోసునోవ్ గారే వెళ్ళారు. కనిషాయ్ ఆ పొట్లం ఆయన చేతికిచ్చి, తల్లి పేరు, హోటలు పేరు రాసిచ్చింది. వారం తర్వాత ఆయన పొట్లాన్ని ముడి కూడా విప్పకుండా తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ఆ హోటల్లోనే దిగాను. ఏం శుభ్రమండీ, మెట్లు అద్దాల్లా ఉన్నాయి," అన్నారు. "తుడిచేవాళ్ళు మాత్రం ఒక్కరూ కంటపడలేదు."